పాతకాలపు వాటం నిశ్చితార్థపు ఉంగరం: గూడు కడితే 22, గోళ్ళు కడితే 18

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాఘంలో నిశ్చితార్థం. అమ్మాయి ఒంగోలులో నర్సు, కొత్త మోడళ్ళకన్నా పాతకాలపు ఉంగరాలంటే ఇష్టం. కావలి నుంచి వచ్చి నెల్లూరు ఆచారి వీధిలో అడిగితే 22 క్యారెట్లలో యాంటిక్ ఫినిష్ ఉంగరాలు చూపించారు. ఫోనులో వెతికితే విక్టోరియన్ అనీ ఆర్ట్ డెకో అనీ పాత ఐరోపా తీరుల బొమ్మలు వస్తున్నాయి. ఇంట్లో మీ అవ్వ కెంపుటుంగరం ఒకటి ఉంది, దాన్ని కరిగించి కొత్తది చేయిద్దామని పెద్దవాళ్ళ మాట.

అన్నిటికన్నా ముందు, అవ్వ ఉంగరాన్ని ఎవరి కుంపటికీ ఇవ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. కొత్తది ఎలా ఎంచుకోవాలో మొదట చూద్దాం.

యాంటిక్ ఫినిష్ అంటే మామూలు కొత్త నగకు మందుతో నల్లదనం పట్టించి, ఎత్తుగా ఉన్నచోట రుద్ది మెరిపించడం. హారానికి, వంకీకి అది బాగానే నిలుస్తుంది, ఎందుకంటే అవి ఏడాదికి నాలుగుసార్లు బయటికి వస్తాయి. వేలి ఉంగరం సంగతి వేరు. సబ్బు, శానిటైజరు, గిన్నెలు తోమే పీచు దాని మీద రోజూ పనిచేస్తాయి. కొన్ని నెలల్లో నలుపు అక్కడక్కడ లేచిపోయి మచ్చలు పడ్డట్టు కనిపిస్తుంది. ఉంగరానికి పాతదనం రంగు వల్ల రాదు. రాయిని ఏ కోతలో కోశారు, దాన్ని బంగారం ఎలా పట్టుకుంది, అంచులు చేత్తో తీర్చారా అచ్చులో పోశారా అన్న మూడిటి వల్ల వస్తుంది. షాపులో ఈ మూడే చూడండి.

కోత సంగతి. ఇప్పుడు షాపుల్లో కనిపించే గుండ్రటి వజ్రం 58 ముఖాల బ్రిలియంట్ కోత. దాని కొలతల లెక్కను మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ప్రచురించాడు, తర్వాత అందరూ దాని చుట్టూనే తిరిగారు. అంతకు ముందువి మూడు రకాలు తెలుసుకుంటే చాలు. రోజ్ కట్ అంటే కింద చదునుగా, పైన గుమ్మటంలా ఉండేది. ఓల్డ్ మైన్ కట్ అంటే మూలలు గుండ్రమైన చతురస్రం, పైభాగం ఎత్తు, పై పలక చిన్నది. ఓల్డ్ యూరోపియన్ కట్ కూడా అలాంటిదే కానీ గుండ్రంగా ఉంటుంది. చివరి రెండిటిలో కింది మొన కూడా చదునుగా కోసి ఉంటుంది కాబట్టి, పైనుంచి చూస్తే నడుమ ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. తెలియనివాళ్ళు దాన్ని లోపమనుకుంటారు, అది పాత కోతకు గుర్తు. ఈ కోతలు దీపపు వెలుగు కోసం పుట్టినవి. కొత్త బ్రిలియంట్ సన్నసన్నగా చిటపటలాడితే, ఇవి పెద్ద పెద్ద తునకలుగా, నెమ్మదిగా మెరుస్తాయి. షాపులోని తెల్ల స్పాట్ లైట్ల కింద పాత కోత ఓడిపోతుంది. కాబట్టి రాయిని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో ఒకసారి, మామూలు ఇంటి బల్బు కింద ఒకసారి చూడకుండా వద్దనకండి, కావాలనీ అనకండి.

1720లలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే ముఖ్యంగా మన దేశానివే, అందులో పేరుపడ్డవి కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల దొరికినవి. అందుకని పాతకాలం అన్నప్పుడు లండన్, పారిస్ బొమ్మలే చూడనక్కర్లేదు. మన వైపు పాత ఉంగరం కట్టే తీరు వేరు. వెనక మూసిన గూడు, లోపల లక్క, రాయి కింద మెరిసే రేకు, చుట్టూ మేలిమి బంగారం ఒత్తి బిగించడం. ఐరోపా ఉంగరంలో వెనక తెరిచి ఉంటుంది, రాయిని సన్నటి గోళ్ళు, అంటే ప్రాంగ్స్, పట్టుకుంటాయి, అంచున ఆవగింజల వరసలాంటి పూసల అంచు ఉంటుంది. షాపుల్లో దాన్ని మిలిగ్రెయిన్ అంటారు. ఈ రెండు తీరుల్లో అమ్మాయి ఇష్టపడింది ఏదో ముందు తేల్చుకోండి. ఆమె దాచుకున్న బొమ్మలు మూడు అడిగి తెప్పించుకుంటే మీకే తెలిసిపోతుంది. బంగారం ఎన్ని క్యారెట్లన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది.

22 క్యారెట్లంటే వెయ్యికి 916 పాళ్ళు బంగారం. మెత్తగా ఉంటుంది. మన పాత పద్ధతికి ఆ మెత్తదనమే బలం. గూడు గోడను రాయి మీదికి ఒత్తితే చక్కగా వంగి, రాయిని నొప్పించకుండా అంటుకుపోతుంది. అదే మెత్తదనం గోళ్ళ కట్టుకు శత్రువు. ఒక మిల్లీమీటరు మందం గోరు మొన 22 క్యారెట్లలో ఉంటే బండి హ్యాండిల్‌కో బీరువా తలుపుకో తగిలి కాస్త కాస్త లేస్తుంది. కంటికి కనిపించదు. లేచిన గోరు కిందికి చీర పోగు దూరుతుంది, అది లాగితే ఇంకాస్త లేస్తుంది, ఒకనాడు చూసుకుంటే రాయి ఉండదు. వెంకటగిరి జరీ చీర కట్టే ఇంట్లో ఇది మరీ తొందరగా జరుగుతుంది, చీరా పాడవుతుంది. 18 క్యారెట్లలో 750 పాళ్ళు బంగారం, తక్కింది వెండి, రాగి. గట్టిగా ఉండి, వంగినా తిరిగి నిలుస్తుంది. అందుకే గూడు కడితే 22, గోళ్ళు కడితే 18 అని తీసుకోండి. పెద్దవాళ్ళు "18 అయితే కుదువ పెట్టుకోవడానికి పనికిరాదు" అంటారు. హారం విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. కానీ 4 గ్రాములంటే అర సవర. అర సవర బంగారంలో కొద్దిపాటి మచ్చు, అంటే స్వచ్ఛత, తేడా కన్నా, దాని మీద కూర్చున్న రాయి నిలవడం ముఖ్యం.

18 క్యారెట్ల రంగు వెలిసినట్టుంటుందన్న ఫిర్యాదు కూడా వింటాం. 22తో పోలిస్తే కొంచెం పాలిపోయి ఉంటుంది, నిజమే. కలిపే రాగి, వెండి పాళ్ళు మారిస్తే పసుపుదనం మారుతుంది కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే రంగు నమూనా చూపించమనండి. 22 రంగు వచ్చేలా పైన పూత వేయిస్తామంటే వద్దనండి, చుట్టు (వేలిని చుట్టుకునే పట్టీ) అడుగున అది తొందరగా అరుగుతుంది. తల 18లో, చుట్టు 22లో చేసి అతికిస్తామని కొందరంటారు. అలా చేస్తే దాని మీద 22 అని హాల్‌మార్క్ పడదు, రేపు మార్చుకోవాలంటే వాదన.

ఆర్ట్ డెకో బొమ్మల్లో కనిపించే తెల్ల లోహం చాలాచోట్ల ప్లాటినం. ఇక్కడ దాని బదులు తెల్ల బంగారం ఇస్తారు. దానికి పైన రోడియం పూత ఉంటుంది, రోజూ పెట్టుకుంటే ఏడాది రెండేళ్ళలో అరిగి కింది పచ్చదనం బయటపడుతుంది, మళ్ళీ పూత వేయించాలి. ఇంకో చిక్కు నికెల్. కొన్ని తెల్ల బంగారాల్లో అది కలిసి ఉంటుంది, కొందరి చర్మానికి దురద పుడుతుంది. క్లోరిన్ తగిలితే అలాంటి మిశ్రమంలో సన్న పగుళ్ళు వస్తాయి. ఆసుపత్రిలో బ్లీచింగు ద్రావణాలు ఉంటాయి, రొయ్యల చెరువులున్న ఇళ్ళలో బ్లీచింగు పౌడరు ఉంటుంది. ఆ అమ్మాయికి తెల్ల బంగారం నేను సిఫారసు చేయను. తెల్లదే కావాలంటే 950 ప్లాటినం, లేకపోతే పసుపు బంగారం.

పసుపు బంగారంతో ఒక లాభం ఉంది. వజ్రం రంగును డి నుంచి జెడ్ దాకా అక్షరాలతో కొలుస్తారు, డి పూర్తిగా తెల్లన. పసుపు కట్టులో కూర్చున్న రాయికి చుట్టూ ఉన్న పసుపే ప్రతిఫలిస్తుంది కాబట్టి డి, ఈ, ఎఫ్‌లకు డబ్బు పోయడం దండగ. పాత కోతలో జె, కె కూడా వెచ్చగా, అందంగా ఉంటాయి. మిగిలిన డబ్బు పనితనం మీద పెట్టండి. వజ్రాలను పరీక్షించి కాగితం ఇచ్చే జి.ఐ.ఎ. సంస్థ గుండ్రటి బ్రిలియంట్‌కు ఇచ్చినట్టు పాత కోతలకు కట్ గ్రేడు ఇవ్వదు. కాగితంలో ఆ గడి ఖాళీగా ఉందని భయపడకండి, రాయిని కళ్ళతో చూసి తీసుకోండి.

రోజ్ కట్ గురించి వేరుగా ఒక మాట. బరువుకు మించి వెడల్పు కనిపిస్తుంది, పల్చన కాబట్టి వేలి మీద ఎత్తు లేవదు, గ్లోవ్స్ వేసుకునే చేతికి ఇదే సరైనదనిపిస్తుంది. కానీ వెనక తెరిచి కడితే దానిలోంచి చర్మం కనిపించి మసకగా ఉంటుంది. వెనక మూసి రేకు పెడితే మెరుస్తుంది, అయితే రోజుకు ముప్ఫై నలభైసార్లు చేతులు కడిగే మనిషికి ఆ మూసిన గూట్లోకి తేమ దూరితే రేకు నల్లబడుతుంది, శుభ్రం చేయడానికి దారి ఉండదు. పండగకు పెట్టుకునే ఉంగరానికి రోజ్ కట్ బాగుంటుంది. నర్సు రోజువారీ ఉంగరానికి బాగుండదు.

ఆమెకు నేను చేయించేదైతే ఇలా చేయిస్తాను. 18 క్యారెట్ల పసుపు బంగారం. నడుమ ఓల్డ్ యూరోపియన్ తీరులో కోసిన గుండ్రటి రాయి ఒకటి, 4.3 మి.మీ. వ్యాసం, వజ్రమైతే సుమారు 30 సెంట్లు (రాళ్ళ తూకంలో క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు). గోళ్ళు లేకుండా చుట్టూ అంచు ఒత్తి బిగించిన గూడు, వెనక తెరిచి. 18లోనూ గూడు కట్టవచ్చు, గోడ 0.4 నుంచి 0.5 మి.మీ. మందం ఉంటే ఒత్తడానికి వంగుతుంది, తర్వాత తొందరగా అరగదు. ఆ గూటి పైఅంచు మీద పూసల అంచు. చుట్టు అడుగున వెడల్పు 2 మి.మీ., మందం 1.6 మి.మీ., ఇంతకు తగ్గనివ్వకండి. పాత కోత రాయి లోతు వ్యాసంలో మూడింట రెండు వంతులకు దగ్గరగా, అంటే 2.8 మి.మీ. ఉంటుంది. కింది మొన వేలికి తగలకుండా అర మిల్లీమీటరు పైన వదిలినా మొత్తం ఎత్తు 4 మి.మీ. లోపే తేలుతుంది, గ్లోవ్ చిరగదు. తూకం 4 గ్రాములకు అటూ ఇటూ. రాళ్ళున్న ఉంగరం డ్యూటీలో వద్దనే ఆసుపత్రులు చాలా ఉన్నాయి కాబట్టి, తీసి పెట్టుకోవడానికి ఒక గట్టి గొలుసు ముందే ఆలోచించి పెట్టండి. చుడీదార్ జేబులో వేసుకున్న ఉంగరం చాకిరేవుకే పోతుంది.

నడుమ రాయి చుట్టూ సన్న నీలాలు అంగుళం జాగా వదలకుండా పేర్చిన ఆర్ట్ డెకో మోడల్ ఫోటోలో అద్భుతంగా ఉంటుంది. ఆ చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా గాడికి సరిపోయేలా కోయాలి. అలా కోయకుండా రెడీమేడ్ రాళ్ళు పేర్చి జిగురుతో నిలిపితే ఆర్నెల్లలో రెండు రాలిపోతాయి, జత రాయి దొరకదు. ఆ పని తెలిసిన చెయ్యి ఉందని ఖాయమైతే తప్ప ఆ జోలికి వెళ్ళకండి. చుట్టు మొత్తం రాళ్ళు పొదిగిన ఉంగరం కూడా వద్దు, రేపు సైజు మార్చలేరు.

పనితనం పట్టుకోవడం కష్టం కాదు. పదింతలు పెద్దగా చూపే లూప్ అద్దం అడిగి తీసుకోండి. పూసల అంచు చేత్తో చక్రం తిప్పి వేసిందైతే ఒక్కో గింజ విడివిడిగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. మైనం అచ్చులో పోసి వచ్చిందైతే గింజలు కరిగిన సబ్బులా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. చెక్కుడు పని చేత్తో చేసిందైతే గీత అడుగు అద్దంలా తళుక్కుమంటుంది, అచ్చులోదైతే గీత అడుగు గరుకు. ఉంగరం లోపలి వైపు సూది పొడిచినట్టు సన్న గుంటలు కనిపిస్తే అది పోత లోపం. కరిగిన బంగారంలో గాలి చిక్కి ఏర్పడ్డ రంధ్రాలు లోపల కూడా ఉంటాయి, సైజు మార్చేటప్పుడు అక్కడే విరుగుతుంది. అలాంటిది వెనక్కి ఇచ్చేయండి, మెరుగు పెట్టి కప్పేస్తామన్నా ఒప్పుకోవద్దు. పోత పని చెడ్డదని కాదు. అచ్చులో పోసిన ఉంగరాన్ని తర్వాత చేత్తో తీర్చి, పూసల అంచు చేత్తో వేస్తే ఖర్చు తగ్గి, అందం నిలుస్తుంది. చాలామందికి ఇదే సరైన దారి.

ఇక అవ్వ ఉంగరం. అందులో మూడు విషయాలు తెలియకుండా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు: గూట్లో లక్క ఉందా, రాయి కింద రేకు ఉందా, ఇంతకు ముందు ఎవరైనా సీసం కలిసిన టంకంతో అతికారా. వెనక మూసి ఉండి, చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి తగ్గ బరువు లేకపోతే లక్క ఉన్నట్టే. లక్క 75, 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. చుట్టు సైజు మార్చడానికి మంట పెడితే వేడి గూటికి పాకి లక్క పొంగి, రాయి పక్కకు ఒరుగుతుంది, రేకు మాడుతుంది. నీళ్ళలో నానబెట్టినా రేకు నల్లబడుతుంది, కాబట్టి మెరుగు పెడదామని సబ్బునీళ్ళలో వేయకండి. సీసం టంకం సంగతి ఇంకా ప్రమాదం. వెనక ఎక్కడైనా బూడిదరంగు మచ్చ మెత్తగా కనిపిస్తే అదే. అది ఉండగా బంగారాన్ని ఎర్రగా కాలిస్తే సీసం బంగారంలోకి చొచ్చుకుపోయి చిల్లులు చేస్తుంది. ముందు దాన్ని పూర్తిగా గీకి తీసేయాలి, ఆ తర్వాతే మంట.

కెంపు అసలుదా కాదా అన్నది ఇంకో సంగతి. అవ్వ కాలం నాటిది కాబట్టి అసలుదే అయ్యుంటుందని అనుకోవద్దు. మంటలో పొడిని కరిగించి కెంపును తయారుచేసే పద్ధతిని ఆగస్ట్ వెర్నాయ్ 1902లోనే ప్రకటించాడు, ఆ తర్వాత అలాంటి రాళ్ళు నగల్లోకి బోలెడన్ని వచ్చాయి. లూప్ కింద లోపల గ్రామఫోను రికార్డు గీతల్లా వంపు గీతలు, గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే తయారుచేసిన రాయి. సహజమైనదైతే గీతలు వంపు లేకుండా కోణాలుగా ఉంటాయి, సన్న సూదుల్లాంటివి అల్లుకుని ఉండొచ్చు. ఈ మధ్య ఎవరైనా రాయి మార్చి ఉంటే అది పగుళ్ళలో గాజు నింపిన కెంపు కావచ్చు. దానికి మంటే కాదు, నిమ్మకాయ రసం తగిలినా చెడుతుంది. అనుమానముంటే ల్యాబ్‌కు పంపి కాగితం తెప్పించుకోండి. తయారుచేసిన రాయని తేలినా అవ్వ వేలిమీద అన్నేళ్ళున్న రాయి అది, ఇంటికి దాని విలువ తగ్గదు. దాని మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది మాత్రం మారుతుంది.

రాయిని తీసి కొత్త ఉంగరంలో కూర్చుదామంటే ఒక హెచ్చరిక. ఎర్ర రేకు మీద కూర్చున్న రాయి బయటికి తీస్తే వెలవెలబోవచ్చు, మీరు ఇన్నాళ్ళు చూసిన ఎరుపులో సగం రేకుది. తెరిచిన గూట్లో అదే రాయి గులాబీ రంగుగా కనిపిస్తుంది. ఒకసారి విప్పిన పాత గూడు మళ్ళీ అలాగే మూసుకోదు కూడా. అందుకే నా సలహా: అవ్వ ఉంగరాన్ని అవ్వ ఉంగరంగానే ఉంచి, నిశ్చితార్థం రోజు తాంబూలాల దగ్గర అమ్మాయికి పెట్టండి. రోజూ పెట్టుకోవడానికి కొత్తది చేయించండి. సైజు వదులైతే ఆ ఒక్క రోజుకి మన పెద్దవాళ్ళు చేసినట్టు చుట్టు అడుగున దారం చుడితే సరిపోతుంది. చుట్టు అడుగున మరీ అరిగి, 1 మి.మీ. కంటే పల్చబడితే లేజర్ వెల్డింగ్ ఉన్నచోట బాగు చేయించండి, వేడి ఒక చుక్క దగ్గరే ఉంటుంది కాబట్టి లక్కకు తగలదు. పంపే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, మిల్లీగ్రాములతో సహా తూకం రాయించుకోండి.

దీన్ని కరిగిస్తే మీకు వచ్చేదేమిటో కూడా చూడండి. మొత్తం తూకంలోంచి రాయి, లక్క, రేకు పోతాయి. మిగిలిన బంగారంలో పాత అతుకుల టంకం వల్ల మచ్చు తగ్గుతుంది. చేతికి వచ్చేది ఒకటిన్నర, రెండు గ్రాములు కావచ్చు. ఆ మాత్రానికి ఒక మూసిన గూటి పని పోగొట్టుకోవడం న్యాయం కాదు. ఆ పని చేసే చేతులు తగ్గిపోతున్నాయి.

సైజు గురించి. మన నంబరు తెలుసుకోవడానికి సులువైన లెక్క, వేలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో తీసి 40 తీసేయండి. 52 మి.మీ. అయితే 12వ నంబరు. అమ్మాయి పాత ఉంగరం దొరికితే లోపలి వ్యాసం కొలవండి, 16.5 మి.మీ. ఉంటే అదీ 12కే వస్తుంది. ఆన్‌లైన్‌లో అమెరికా సైజు 6 అన్నది దీనికి దగ్గర. ఏ వేలికో ఖాయం చేసుకోండి, కుడి ఎడమ చేతులకు అర నుంచి ఒక నంబరు తేడా ఉంటుంది. కుడిచేత్తో అన్నం కలుపుకుంటాం కాబట్టి తెరిచిన గూడున్న ఉంగరం ఎడమ చేతికే మేలు. చేపల పులుసు నూనె ఒక్కసారి రాయి వెనక చేరిందంటే మెరుపు ఆగిపోతుంది.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. మాఘంలో, చలికి వేళ్ళు సన్నబడి ఉన్నప్పుడు, పొద్దున్నే కొలిచి బిగువుగా చేయించిన ఉంగరం రోహిణి కార్తె ఎండల్లో ఊడిరాదు. సాయంత్రం పూట, వేరు వేరు రోజుల్లో మూడుసార్లు కొలవండి, మధ్య కొలత తీసుకోండి. వేలి కణుపు లావుగా ఉంటే కణుపు దాటేంత ఉండాలి. చుట్టు వెడల్పు 4 మి.మీ. దాటితే ఒక నంబరు పెంచండి. తర్వాత మార్చుకోవాల్సి వస్తే సాదా చుట్టును రెండు మూడు నంబర్లు అటూ ఇటూ చేయవచ్చు, చుట్టూ చెక్కుడు పని ఉంటే అతుకు దగ్గర నమూనా తెగుతుంది. అందుకే అడుగున కనీసం 8 మి.మీ. సాదాగా వదిలేయమని ముందే చెప్పండి.

బిల్లు దగ్గర మొహమాటం వద్దు. మొత్తం తూకం, రాళ్ళ తూకం, నికర బంగారం మూడూ విడిగా రాయించండి. రాళ్ళ తూకంలో ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, బంగారం మచ్చు చెప్పే క్యారెట్ వేరు. 4.260 గ్రాముల ఉంగరంలో 30 సెంట్ల వజ్రం ఉంటే 0.060 తీసేసి 4.200 గ్రాములకే బంగారం ధర. తరుగు 12 శాతం అంటే మీరు 4.704 గ్రాములకు డబ్బు కడుతున్నారని అర్థం. తరుగూ వేసి మజూరీ కూడా వేస్తే ఆ రెండిటిలో ఏది దేనికో అడగండి. 18 క్యారెట్ల ధర 22 ధరలో సుమారు 82 శాతం ఉండాలి. లెక్క కోసం 22 గ్రాము 10,000 రూపాయలనుకుంటే 18 దాదాపు 8,190. ఇంతకు బాగా ఎక్కువ చెప్తే ఎందుకో చెప్పించుకోండి. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం. బిల్లు 2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు.

హాల్‌మార్కులో మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం, మచ్చు అంకె, ఒక్కో నగకు వేరుగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు నంబరు, అంటే హెచ్‌యూఐడీ. 18 క్యారెట్లకు అంకె 750 అని, 22కు 916 అని ఉంటుంది. హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్కు నగలు అమ్మడం 2023 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు అక్షరాలు కొడితే నగ రకం, మచ్చు, హాల్‌మార్కు వేసిన కేంద్రం కనిపిస్తాయి. అక్కడ 'ఉంగరం' బదులు ఇంకేదో వస్తే అది మీ నగ నంబరు కాదు. 2 గ్రాముల లోపు నగలకు, కుందనం, పోల్కీ, జడావు పనికి హాల్‌మార్కు తప్పనిసరి కాదు. అలాంటిది కొంటే మచ్చు ఎంతో బిల్లు మీద అక్షరాలా రాయించుకోవడమే మీకున్న ఆధారం. కె.డి.ఎం. అన్న మాట ఎవరైనా గొప్పగా చెప్తే వద్దనండి. అది కాడ్మియం టంకం, దాని పొగ పనివాడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

వజ్రం సహజమా, ల్యాబ్‌లో పెంచిందా అన్నది బిల్లు మీద ఉండాలి. ల్యాబ్ వజ్రం నిజమైన వజ్రమే, గట్టిదనమూ మెరుపూ ఒకటే, తిరిగి అమ్మితే మాత్రం చాలా తక్కువ వస్తుంది. అది తెలిసి కొంటే తప్పులేదు, పాత కోతల్లో నచ్చిన కొలత దొరకడానికి అదే సులువు. షాపులో పెన్నులాంటి టెస్టరు పెట్టి బీప్ వినిపిస్తే నమ్మకండి. వేడిని బట్టి చెప్పే టెస్టరు వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే వేరే రాయికి కూడా వజ్రమనే చెప్పగలదు, ల్యాబ్ వజ్రాన్ని విడదీయలేదు. 30 సెంట్ల రాయికి కాగితం అడిగి, రాయి నడుము మీద లేజరుతో చెక్కిన నంబరు కాగితం నంబరుతో కలిసిందో లేదో లూప్‌లో చూపించమనండి.

వజ్రం బదులు రంగురాయి అనుకుంటే కెంపు, నీలం రోజువారీకి గట్టివి, గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో 9. మన దుమ్ములోని ఇసుక 7, దానికన్నా మెత్తనివి గీతలు పడతాయి. పచ్చ ఏడున్నర, ఎనిమిది మధ్య ఉన్నా లోపల పగుళ్ళుంటాయి, దెబ్బకు చిట్లుతుంది. ముత్యం, పగడం మూడు నాలుగు దగ్గరే, చింతపండు పులుపుకు కూడా తట్టుకోవు, నలుగు పసుపు ముత్యాన్ని పట్టేస్తుంది.

సమయం తక్కువ అంచనా వేయకండి. డిజైను గీత ఖాయం కావడానికి వారం, మైనం లేదా వెండి నమూనా వేలికి పెట్టి చూడటానికి వారం, పోత, తీర్చడం, పొదగడం, మెరుగు కలిపి రెండు మూడు వారాలు, హాల్‌మార్కు, దిద్దుబాట్లకు ఇంకో వారం. మాఘం ముందు సంక్రాంతి వస్తుంది, పనివాళ్ళు ఊళ్ళకు వెళ్తారు. కార్తీకం చివరికల్లా ఆర్డరు పెట్టండి. వెండి నమూనా దశను ఖర్చని వదిలేయవద్దు. 4 మి.మీ. ఎత్తు స్క్రీన్ మీద తెలియదు, వేలి మీద తెలుస్తుంది. ఆమెను పిలిపించి ఆ నమూనా మీద గ్లోవ్ వేయించి చూడండి.

అబ్బాయి ఉంగరం గురించి మీరు అడగలేదు. జతగా కావాలంటే అదే పూసల అంచు రెండు పక్కలా వేసిన 5 మి.మీ. వెడల్పు సాదా చుట్టు, 22 క్యారెట్లలోనే చేయించవచ్చు, రాయి లేదు కాబట్టి మెత్తదనం ఇబ్బంది కాదు.

వాడకంలో ఇక్కడి పెద్ద సమస్య నీళ్ళు. ప్రకాశం జిల్లా బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన, సబ్బుతో కలిస్తే రాయి వెనక తెల్లటి పొర కట్టి వజ్రం గాజులా కనిపిస్తుంది. పదిహేను రోజులకోసారి గోరువెచ్చని మంచినీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పది నిమిషాలు నానబెట్టి, పసిపిల్లల మెత్తటి బ్రష్‌తో వెనకవైపు నుంచి తోమండి. సింకు పైన కడగవద్దు, గిన్నెలో కడగండి. షాపులో అల్ట్రాసోనిక్ మెషీన్లో వేస్తామంటే వజ్రానికి సరే, పచ్చకు, గాజు నింపిన కెంపుకు, అవ్వ ఉంగరానికి వద్దు. ఆరు నెలలకోసారి ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో చుట్టు మీద తట్టి వినండి. టిక్ టిక్‌మని సన్నగా శబ్దం వస్తే గూట్లో రాయి వదులైంది, ఆరోజే తీసి పక్కన పెట్టి అంచు మళ్ళీ ఒత్తించండి.